రుచి పోయిన నోటితో హైదరాబాద్‌లో రెండు రోజులు

హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చిన మర్నాడు మా క్వార్టర్ల లైన్లో ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు. "ఏ దవాఖాన్ల జూపెట్టుకున్నరు?" దవాఖానకు పోలేదన్నాను. "మరి పెండ్లికా?" కాదన్నాను. "సభకు పోయిన్రా?" అదీ కాదు. తినడానికి పోయామంటే ఒక్కరూ నమ్మలేదు.

వాళ్ళ తప్పేం లేదు. గోదావరిఖని నుంచి మనిషి హైదరాబాద్ పోవాలంటే ఒంట్లో బాగుండకపోవాలి, లేదా చుట్టాలింట్లో ఏదో జరగాలి, లేదా పిల్లలకు పరీక్ష ఉండాలి. ఆ ఏళ్ళలో అయితే తెలంగాణ కోసం ఏదో ఒక సభ ఉండేది, దానికి బస్సులు నిండి పోయేవి. మొగుడూ పెళ్ళాం సంచి సర్దుకుని ఉత్తగా తిని రావడానికి పట్నం పోవడం మా దగ్గర ఎవరూ వినని మాట. అడిగినవాళ్ళందరికీ నిలబడి చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నా పేరు ఓదెలు. బొగ్గుబాయి మీద ల్యాంపు రూంలో నా డ్యూటీ. కిందికి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇస్తాను, షిఫ్టు దిగి వచ్చినప్పుడు తీసుకుని చార్జింగుకు పెడతాను. అంతకు ముందు చాలా ఏళ్ళు నేనూ కిందనే పని చేశాను. ఒక వానాకాలం స్కూటర్ మీద వస్తూ జారి పడ్డాను. తల వెనక వైపు దెబ్బ తగిలింది. నెల తిరిగేసరికి కట్టు విప్పారు, నడిచాను, అందరినీ గుర్తుపట్టాను. ఒక్క వాసన మాత్రం తిరిగి రాలేదు. కరీంనగర్ డాక్టరు ముక్కు కింద ఏవేవో సీసాలు పెట్టి చూసి, "నరం దెబ్బతిన్నది. రావచ్చు, రాకపోవచ్చు. దీనికి మందు లేదు" అన్నాడు.

భూమి కింద బొగ్గు దానంతట అదే వేడెక్కుతుంది. మంట కనబడేలోపు వాసన వస్తుంది. ఆ వాసన పట్టలేనివాడు కింద ఉంటే తనకూ ప్రమాదమే, పక్కవాడికీ ప్రమాదమే. నేనే పోయి చెప్పాను. పైన పని ఇచ్చారు. దానికి బాధపడలేదు. బాధ ఇంట్లో మొదలైంది.

వాసన పోతే రుచీ పోతుందని నాకు ముందు తెలియదు. నాలుకకు ఉప్పు తెలుస్తుంది, పులుపు, తీపి, కారం తెలుస్తాయి. మిగతాదంతా పోతుంది. కోడికూరకూ వంకాయకూరకూ తేడా పళ్ళకు తెలుస్తుంది గాని నోటికి తెలియదు. సరోజన, అంటే నా భార్య, మొదట్లో ఇంకా ఎక్కువ వేయించి, ఇంకా ఎక్కువ నూరి పెట్టేది. తింటూ నేను ఏమీ అనేవాణ్ణి కాదు. నేను ఏమీ అనకపోవడంతో ఆమెకు వండబుద్ధి కాలేదు. ఆమె మనసుపెట్టి వండకపోవడంతో నాకు తినబుద్ధి కాలేదు. ఇద్దరం చిక్కిపోయాం. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా కమిలిపోయింది. పక్కగదిలో కూర్చుని నేను పేపరు చదువుతున్నాను. నీళ్ళకు పోయి వచ్చిన సరోజన పొగలోంచి నన్ను చూసింది. కూర్చుని గిన్నె తోమింది. తోముతూనే అంది.

"బావ, ఓ పారి పట్నం పోదాం. దవాఖానకు గాదు. తిననీకి."

"తిననీకా?"

"గంత పేరున్న తిండి గద. అన్ని మసాలాలు ఒక్కపారి తగిలితె నీ ముక్కు తెరుసుకుంటదేమో. ఏమెర్క?"

సరోజన నా మేనమామ బిడ్డ. వాళ్ళది గోదావరి అవతల జైపూర్ దగ్గర ఊరు. పెళ్ళికి ముందునుంచీ నన్ను బావ అనే పిలుస్తుంది. ఆమె ఏదైనా అడగడమే తక్కువ. పోదాం అన్నాను. మా అమ్మాయి హనుమకొండ హాస్టల్లో ఉండి చదువుతోంది కాబట్టి ఇంట్లో చూసుకోవలసిన వాళ్ళు లేరు. దసరా వెళ్ళి చలి మొదలైన వారంలో, శనివారం పొద్దున్నే రామగుండంలో రైలెక్కాం.

రైలులో పులిహోర

మా ఎదురు సీట్లో మంథని పంతులుగారు ఒకాయన కూర్చున్నారు. తెల్లటి ధోవతి, ఒళ్ళో స్టీలు క్యాను. సికింద్రాబాద్‌లో చెల్లెలి ఇంటికి పోతున్నారట. ఎక్కడికని అడిగితే సరోజన దాచకుండా చెప్పేసింది. ఆయన కాసేపు నమ్మలేదు, తరువాత గట్టిగా నవ్వారు.

"నేను బయట మంచినీళ్ళు గూడ ముట్టను తల్లీ. చెల్లె ఇల్లు చేరేదాక ఈ క్యాన్ల నీళ్ళే. మీరేమో బయట తిననీకే పోతున్నరు. ఒక్క రైలు డబ్బాల ఎట్ల కూసోబెట్టిండో చూడు దేవుడు!"

జమ్మికుంట దాటాక మోదుగాకుల్లో కట్టిన పులిహోర విప్పి, మాకూ చెరో ముద్ద పెట్టారు. నేను నమిలాను. పులుపు వచ్చింది, ఉప్పు వచ్చింది, పల్లీలు పళ్ళ కింద చితికాయి. అంతే. పక్కన సరోజన కళ్ళు మూసుకుంది.

"ఇంగువ ఎంత మంచిగ పడ్డది పంతులుగారూ" అంది.

"మా ఇంటామె చేతిది" అన్నారాయన గర్వంగా. తరువాత నా వైపు తిరిగి, "నీకెట్లున్నది నాయనా?" అన్నారు.

"మంచిగున్నది" అన్నాను. ఆ మాట అనడం నాకు అప్పటికే బాగా అలవాటైపోయింది. సరోజన కిటికీలోంచి బయటికి చూసింది.

సికింద్రాబాద్‌లో చాయి

స్టేషన్ బయట ఒక ఇరానీ హోటల్లోకి దూరాం. పాలరాతి బల్లలు, గోడలకు పెద్ద అద్దాలు, కౌంటరు వెనక రాగి డేగిసాలో మరుగుతున్న చాయి. సరోజన గుమ్మం దగ్గరే ఆగి, "ఆడోళ్ళు కూసోవచ్చునా గిండ్ల?" అని మెల్లగా అడిగింది. నిజంగానే అన్ని బల్లల దగ్గరా మగవాళ్ళే. మా గోదావరిఖనిలోనూ అంతే. షిఫ్టు దిగిన మగవాళ్ళు నిలబడి చాయి తాగిపోతారు, ఆడవాళ్ళు ఇంట్లో తాగుతారు. వెయిటరు ఆ మాట విన్నాడు. "ఆయియే అమ్మా, ఫ్యామిలీ ఇటు" అని లోపల మూలబల్ల తుడిచి ఇచ్చాడు.

చాయి ధర మా దగ్గర రెండు చాయిల ధర. కప్పు మాత్రం అదే సైజు. అది చూసి సరోజన "పట్నంల చెక్కెర బంగారమా ఏంది" అంది. బిస్కట్లు తియ్యగా, ఉప్పగా రెండూ ఉన్నాయి. ఆమె ముంచిన బిస్కట్టు విరిగి కప్పులో పడిపోయింది. వేలితో తీద్దామా వద్దా అని అటూ ఇటూ చూస్తుంటే వెయిటరు చెంచా తెచ్చి పెట్టి, ఏమీ చూడనట్టు వెళ్ళిపోయాడు. సరోజన నవ్వింది. ఆ నవ్వు చూసి, వచ్చినందుకు మంచి జరిగేట్టే ఉందనుకున్నాను.

బిర్యానీ దగ్గర తగాదా

మధ్యాహ్నం పెద్ద పేరున్న హోటల్‌కు పోయాం. పేరు రాయను, ఎందుకంటే అక్కడ జరిగిన దాంట్లో హోటల్ తప్పు రవ్వంత కూడా లేదు. చుట్టూ జనం తలెత్తకుండా తింటున్నారు. పళ్ళేలు వచ్చాయి. అన్నం ఒకచోట తెల్లగా, ఒకచోట కుంకుమరంగులో ఉంది. ఆవిరి నా ముఖానికి తగిలింది. వేడి తెలిసింది.

సరోజన తన అలవాటు ప్రకారం ముక్కలన్నీ ఏరి నా పళ్ళెంలో పెట్టింది. తను ఇంకా ఒక్క ముద్దా తినలేదు. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడం, ఆమె నా ముఖంలోకి చూడటం ఒకేసారి జరిగాయి. బడిలో లెక్క చేస్తున్న పిల్లవాడి పలకను టీచరు చూసినట్టు చూస్తోంది. నోట్లో వేడిగా, ఉప్పగా, మెత్తగా ఉంది. ఇంకేమీ లేదు. ఆమె ముఖం చూస్తూ ఆ మాట చెప్పలేకపోయాను.

"అబ్బ!" అన్నాను. "మస్తుగున్నది సరోజన. కొద్దికొద్దిగ తెలుస్తున్నది."

ఆమె ముఖం వెలిగింది. వెంటనే అడిగింది. "ఏం తెలుస్తున్నది?"

"మసాలా."

"ఏం మసాలా?"

"గదే... లవంగం, ఇలాచి."

ఆమె ఒక్క మెతుకు తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. "పుదీన ముందుగాల గుప్పున కొడుతున్నది. నువ్వు పుదీన మాటే అనలే."

నేను తల దించుకున్నాను.

"పాలు మాడిన నాడు నాకు గింత బాధ కాలే బావ" అంది. గొంతు పెంచలేదు. "పంతులు తోని మంచిగున్నది అన్నవు. సరే, పరాయిమనిషి. నాతోని గూడ గట్లనేనా? గింత దూరం నిన్ను తోలుకొచ్చింది అబద్ధం ఇనేటందుకా?"

లేచి పోయి చేతులు కడుక్కుంది. ఒక్క మెతుకు తిన్న చేతులు. సర్వరు పరిగెత్తుకొచ్చి, "క్యా హువా సాబ్? బిర్యానీ బాగలేదా? వేరే తెస్త" అన్నాడు. బాగుందనే చెప్పాను. ఈసారి ఆ మాట నిజమే అయి ఉండాలి. అతను మా నిండు పళ్ళేల వైపు చూసి ఏమీ అర్థంకాక, రెండూ కాగితంలో కట్టి ఇచ్చాడు. బయట మెట్ల మీద కూర్చున్న ముసలాయన చేతిలో పెడితే ఆయన విప్పి వాసన చూసి, ఆకాశం వైపు చూసి దువా చేశాడు.

మొజంజాహీ మార్కెట్

లాడ్జిలో సరోజన గోడవైపు తిరిగి పడుకుంది. ఎండ తగ్గాక, "బయటికి పోదాం" అంటే లేచి చెప్పులేసుకుంది. మార్కెట్‌లో పాత రాతి గడియారపు గోపురం కింద ఐస్‌క్రీం దుకాణాలు వరుసగా ఉన్నాయి. సీతాఫలాల కాలం. అదే ఇవ్వమన్నాను. ఇద్దరం ఒక బల్ల మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉంచి కూర్చున్నాం.

నాలుక మీద చల్లగా కరిగింది. కరిగాక ఏదో మిగిలింది. ఇసకలాగా, రవ్వలాగా, చిన్నచిన్న పలుకులు. నాలుకతో వాటిని పైకి నొక్కితే ఒక్కొక్కటే జారుతున్నాయి. ఎన్నాళ్ళ తరువాతో నోట్లో ఉన్నదాన్ని మింగకుండా కాసేపు ఉంచుకోవాలనిపించింది.

"సరోజన" అన్నాను. "వాసన లేదు. నిజంగ లేదు. కాని పలుకులు తగులుతున్నయి. గవి మంచిగున్నయి."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. నిజం చెబుతున్నానో లేదో కాసేపు చూసుకుంది. "గదైన చెప్పినవు" అంది.

"నీకెట్లున్నది?"

"తియ్యగున్నది."

"తియ్యగున్నది నాకూ తెల్సు. ఇంకేంది?"

ఆమె చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. ఇట్లాంటి ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరని అప్పుడు నాకు అనిపించింది. నేనైతే అడగలేదు.

"మా ఇంట్ల వడ్లగుమ్మి యాదికుందా నీకు?" అంది. "అడివికెళ్లి కచ్చి సీతపండ్లు తెచ్చి గండ్ల దాసిపెట్టేది, నేనూ మా చెల్లె. రోజూ చేయిపెట్టి ఒత్తి చూసేది. మెత్తవడ్డనాడు గుమ్మి మూత తియ్యంగనే తెలిసేది. వడ్ల దుమ్ము, పండు, రెండు కలిసిన వాసన. అమ్మ చూడకముందే పెరట్ల కూసోని తినేది. గది... గట్ల ఉన్నది బావ. వడ్లు లేవు గంతే."

ఆ ఇంట్లో నేను ఎన్ని సెలవులు గడిపానో లెక్క లేదు. ఆ గుమ్మి పక్కనే పడుకున్నాను. అందులో పండ్లున్న సంగతి నాకు తెలియదు. కాని ఆమె చెబుతుంటే నోట్లోని పలుకులకు ఏదో తోడైనట్టు అనిపించింది. వాసన కాదు. దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

"నీకు అన్నిట్లకంటే ఏది తినుడు ఇష్టం?" అని అడిగాను.

"నాకా?" నవ్వింది. "ఏదైన సరే."

"ఏదైన సరే కాదు. ఒక్కటి చెప్పు."

దుకాణాల్లో దీపాలు పెట్టేదాకా ఆలోచించింది. "నాకు నిజంగనే తెల్వదు బావ" అంది. ఆ మాట అంటూ ఆమే కొంచెం ఆశ్చర్యపోయింది. "యాదికొస్తె చెప్త."

చార్మినార్ పక్కన పాయా

ఆదివారం పొద్దున చలిలో పాతబస్తీకి పోయాం. మా ఆటోవాలాకు మేము ఎక్కడివాళ్ళమో మాటతోనే తెలిసిపోయింది. "బొగ్గుబాయిలోళ్ళా? మీరు సమ్మె జేస్తె మాకు కరెంటు పోతదన్నా" అని నవ్వుతూ ఫిర్యాదు చేశాడు. గోడల నిండా జై తెలంగాణ రాతలే. కొన్నిటి మీద సున్నం కొట్టారు. సున్నం మీద మళ్ళీ రాశారు.

హోటల్లో మేకదేనా అని అడిగి రూఢి చేసుకుని పాయా తెప్పించుకున్నాం. మా దగ్గర ఈ కాళ్ళ పులుసు ఎముక విరిగినవాళ్ళకూ, బాలింతలకూ కాస్తారు. నేను పడ్డప్పుడు నెల్లాళ్ళు అదే తాగాను. ఇక్కడ ఒంట్లో ఏ బాధా లేని మనుషులు పొద్దున్నే రొట్టె ముంచుకుని తింటున్నారు. సరోజనకు అది వింతగా ఉంది. "గింతమంది బాలింతలేంది బావ!" అని నా చెవిలో అంది.

పులుసు నా పెదవులకు అంటుకుంది. పై పెదవీ కింది పెదవీ కలిపితే విడిపోవడానికి కొంచెం కష్టపడ్డాయి. ఆ సంగతి చెప్పాను. ఆమె తన సంగతి చెప్పింది. మిరియం, అల్లం, అడుగున కాలిన ఉల్లిగడ్డ అని. ముక్కలు ఏరి నా గిన్నెలో వేయబోతే ఆమె చేయి పట్టుకున్నాను. "నువ్వు తినకపోతె నాకు చెప్పేదెవ్వరు?" అన్నాను. ఆమె ముక్కను మళ్ళీ తన గిన్నెలో వేసుకుంది. మా కథంతటిలో ఇది చాలా చిన్న విషయం. నాకు మాత్రం బాగా గుర్తుండిపోయింది.

అత్తరు దుకాణం

పత్తర్‌గట్టిలో సరోజన చెప్పు తెగింది. చెప్పు కుట్టేవాడు దాన్ని బాగుచేసే దాకా పక్క దుకాణం అరుగు మీద నిలబడ్డాం. అది అత్తరు దుకాణం. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన, తెల్లగడ్డం, లావు కళ్ళద్దాలు, ఊరికే నిలబడ్డవాళ్ళను వదలడు గదా. "ఆవో బేటీ, కొనకున్నా చూడుండ్రి" అని గాజుపుల్లతో ఆమె మణికట్టు మీద ఒక చుక్క రాశాడు. రెండో చుక్క నా చేతి మీద రాయబోతే సరోజన ఆపింది.

"ఆయనకు వాసన తెల్వదు బాబాయ్. దెబ్బ తాకి పోయింది."

నేను సిగ్గుపడ్డాను. వాసనే సరుకైన చోట నిలబడి ఆ మాట వినడం బడిలో చదువు రాదని చెప్పినట్టు ఉంది. ఆయన జాలిపడలేదు. పుల్ల కింద పెట్టి నాకేసి కుతూహలంగా చూశాడు.

"నాకు జుకాం, పడిశం అయితదా సాబ్, నాలుగు రోజులు నేను గూడ మీలెక్కనే. అప్పుడు మా బేగం కూసుంటది ఈడ. నేను శీశా తీస్త, ఆమె చెప్తది. గిరాకీ ఎక్కువైతది ఆ నాలుగు రోజులు!" అని నవ్వాడు.

తరువాత ఒక చిన్న సీసా తీసి, పేరు చెప్పకుండా ఆమెకు చూపించాడు. సరోజన మూత దగ్గర ముఖం పెట్టి చప్పున తలెత్తింది. "బావ, వాన!" అంది. "ఎండినంక తొల్తొల్త పడ్డ వాన. మా మక్కచేను." పెద్దాయన తృప్తిగా తలాడించాడు. అది మట్టి అత్తరట.

తీసుకో అన్నాను.

"నువ్వు వాసన చూడనప్పుడు నాకెందుకు?"

"నువ్వు చూస్తవు గద."

కుట్టిన చెప్పు వచ్చింది, వేసుకుంది, రెండడుగులు నడిచింది. వెనక్కి తిరిగి పోయి ఆ సీసా తీసుకుంది. నన్ను మళ్ళీ అడగలేదు.

కోఠి సందులో భోజనం

రైలుకు ముందు ఎక్కడో ఒకచోట తినాలి. పేరున్న హోటళ్ళ సంగతి ఇద్దరికీ చాలనిపించింది. కోఠి వెనక సందులో ఒక మెస్సు కనబడింది. నాలుగు బల్లలు, కాలేజీ పిల్లలు, గోడ మీద తెలంగాణ పటం. వడ్డిస్తున్నది దాన్ని నడిపే ఆమే, పేరు లచ్చక్క. సిరిసిల్ల మనిషి. మగ్గాలు మూలపడితే మొగుడూ తానూ పట్నం వచ్చి ఇది పెట్టుకున్నారని అన్నం పెడుతూనే చెప్పింది.

"ఏడికెళ్లి వచ్చిన్రు చెల్లె?"

"గోదావరిఖని అక్క."

"అయ్యో మనోళ్ళే! కూసోండి, నిమ్మళంగ తినుండ్రి. ఇయ్యాల కూర మంచిగైంది. కాకరకాయ."

ఆ మాట వినగానే సరోజన వైపు చూడటం నా అదృష్టం. లేకపోతే తప్పిపోయేది. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖమైపోయింది. ఒక్క క్షణమే. వెంటనే నా వైపు తిరిగి, "అక్క, ఆయనకు కాకర పడది. పప్పు ఉంటె వెయ్యి" అంది.

నిజమే. నాకు చిన్నప్పటినుంచీ కాకర గిట్టదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వండితే పళ్ళెం జరిపేశాను. తరువాత మా ఇంట్లో కాకర కనబడలేదు. ఇన్నేళ్ళలో దాని గురించి నేను ఎన్నడూ ఆలోచించలేదు.

"సరోజన, నీకిష్టమా ఇది?"

ఆమె పళ్ళెంలోకి చూస్తూ, "నిన్న అడిగినవు గద" అంది. "గిదే. నాకు యాదికే లేదు బావ. మా అవ్వ చేసేది, ఎల్లిపాయ కారం కూరి. పెండ్లయినంక మర్సిపోయిన."

నాకూ వేయమన్నాను. లచ్చక్క రెండు కాయలు పెట్టింది. అలవాటుగా ముఖం ముడుచుకుని కొరికాను.

చేదు వచ్చింది.

ఎట్లా చెప్పాలి? సగం వచ్చి ఆగిపోలేదు. బిర్యానీ లాగా వేడీ ఉప్పూ చూపించి పోలేదు. చేదు మొత్తం వచ్చింది. నాలుక చివర మొదలై, వెనక్కి పాకి, గొంతు దాకా పోయి, అక్కడ నిలబడింది. వెనకాల కారం, దాని వెనకాల బెల్లం తగిలాయి. నాలుకకు చేదు కూడా తెలుస్తుందన్న సంగతి నాకు తెలియదు. ఎట్లా తెలుస్తుంది? మా ఇంట్లోకి చేదును నేనే రానివ్వలేదు. దెబ్బ తగిలిన తరువాత ఒక కూర పూర్తిగా నా నోట్లోకి రావడం అదే మొదటిసారి.

నా కళ్ళలో నీళ్ళు చూసి లచ్చక్క భయపడింది. "కారమైందా తమ్మీ? నీళ్ళు తాగు."

"కాదక్క" అన్నాను. సరోజన వైపు తిరిగాను. "తెలుస్తున్నది. పుదీన లెక్క కాదు. నిజంగ తెలుస్తున్నది. చేదు."

ఆమె నన్ను పరీక్షించలేదు. ఏం చేదు అని అడగలేదు. నా ముఖం చూసి నమ్మింది. తరువాత తన అన్నం మీదికి వంగి, నేను తిన్నానా లేదా అని చూడకుండా, ఎవరికీ ఏమీ ఏరిపెట్టకుండా తినడం మొదలుపెట్టింది. కాయ తోక పట్టుకుని కొరికింది. గింజలు నమిలింది. నేను నా రెండూ తిన్నాను. నచ్చిందా అంటే ఇప్పటికీ చెప్పలేను. ఉంది, అంతే. ఉండటమే నాకు చాలా ఎక్కువ.

లచ్చక్క బల్లల మధ్య తిరుగుతూ అవతలికి పోయింది. సరోజన తలెత్తి, కాలేజీ పిల్లల మాటల మీదుగా పిలిచింది. "అక్కా! నాకు ఇంకింత అన్నం. కూర గూడ."

ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి అందరికీ మారు వడ్డించే మనిషి, ఇంకొకరిని మారు అడగడం నేను ఎన్నడూ వినలేదు.

మళ్ళీ ఖనికి

తిరుగు రైలులో సీటు దొరకలేదు. కాజీపేట దాకా తలుపు దగ్గర సంచుల మీద కూర్చుని వచ్చాం. కాయలో కారం కూరే ముందు ఉప్పు నీళ్ళలో నానబెట్టాలా, ఉప్పు రాసి పిండాలా అని సరోజన తనలో తానే వాదించుకుంటూ వచ్చింది.

ఇది జరిగి ఏడాది దాటింది. నా వాసన తిరిగి రాలేదు. ఇక రాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "మంచిగున్నది" అనడం మానేశాను. కరకరలాడితే కరకరలాడుతోందని చెబుతాను, ఏమీ తెలియకపోతే తెలియలేదంటాను. ఆమె తనకు తెలిసింది చెబుతుంది. అన్నం దగ్గర మాటలు ఎక్కువయ్యాయి, ఇద్దరం కొంచెం ఒళ్ళు కూడా చేశాం.

మొన్న సెలవులకు మా అమ్మాయి ఇంటికి వచ్చింది. ఆ పూట సరోజన కాకర వండింది. అమ్మాయి ఒక్క ముక్క కొరికి, ముఖమంతా ముడిచి, పళ్ళెం అవతలికి జరిపింది. అచ్చం నేను ఒకప్పుడు జరిపినట్టే.

"ఛీ, ఏందమ్మా గీ చేదు! ఎవ్వరు తింటరు దీన్ని?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆ అవసరం రాలేదు. సరోజన కూరగిన్నెను తన వైపు జరుపుకుంది.

"నీకు పప్పు చేస్త బిడ్డా" అంది. "ఇది నా కూర."